తీర్థపాత్ర ఎవరిది?

న్యాయశాస్త్రం కథను మూడు విధాలుగా విభజించినది: వాదం, జల్పం, వితండ. తత్త్వనిర్ణయం కొరకు జరిగేది వాదం. విజయం కొరకు జరిగేది జల్పం. స్వపక్షాన్ని స్థాపించక పరపక్షాన్ని దూషించడమే పనిగా పెట్టుకొన్నది వితండ. గోదావరి డెల్టాలో క్రైస్తవమత వ్యాప్తిని గూర్చి వైదికపక్షాన నేడు వినవచ్చే మాటల్లో అధికభాగం ఈ మూడవ కోవకే చెందుతున్నది. "దొరలు వచ్చినారు, బియ్యం పెట్టినారు, పేదలు మతం మారినారు" అన్న ఒక్క వాక్యంతో రెండు శతాబ్దాల చరిత్ర ముగిసిపోతున్నది. ఆ వాక్యంలో పూర్వపక్షం లేదు, ప్రమాణం లేదు, సిద్ధాంతం అసలే లేదు.

ప్రతివాది విని "ఔను, మా మతం ఇదే" అని అంగీకరించేటంత సమగ్రంగా పూర్వపక్షాన్ని ఉపన్యసించి, ఆ తరువాతనే ఖండించడం శాస్త్రమర్యాద. కుమారిలభట్టు బౌద్ధుల సన్నిధిలో అధ్యయనం చేసినాడన్న ఐతిహ్యం ఆ మర్యాదకే సాక్షి. దానిని పాటించదలచినవాడు నరసాపురం రేవు వద్ద గాక, ఆరువందల ఏండ్ల వెనుకటి బొహీమియా దేశంలో, మొరేవియన్ సంఘపు మూలాల వద్ద కథను ఆరంభించవలసి ఉంటుంది.

పూర్వపక్షం

పదిహేనవ శతాబ్దారంభంలో ఐరోపా చర్చిలలో ప్రభుభోజన సంస్కారం జరిగినపుడు రొట్టె సామాన్యులకు అందేది. ద్రాక్షారసపాత్ర మాత్రం అర్చకుని పెదవిని దాటి కిందికి వచ్చేది కాదు. ఆలయపరిభాషలో చెప్పవలెనంటే ప్రసాదం అందరికీ, తీర్థం అర్చకునికే. ప్రాగ్ నగరంలో యాన్ హుస్ అనుయాయులు ఈ భేదాన్ని ధిక్కరించినారు. కాన్‌స్టాన్స్ నగరంలో కూడిన మతపరిషత్తు 1415లో సామాన్యులకు పాత్రనివ్వడాన్ని నిషేధించినది. హుస్‌పై మోపిన అభియోగాలు వేరైనా, ఆ ఏడే జూలై 6న ఆయన సజీవదహనానికి గురియైనాడు. అనుయాయులు ఆ పాత్రనే తమ చిహ్నంగా గ్రహించినారు.

వారిలో అహింసాప్రియులైన కొందరు 1457లో కున్వాల్డ్ గ్రామంలో "సహోదర సమైక్యం" అనే సంఘాన్ని ఏర్పరచుకొన్నారు. 1620లో శ్వేతపర్వత యుద్ధానంతరం ఆ సంఘం ఛిన్నాభిన్నమైనది. విద్యావేత్తగా లోకప్రసిద్ధి గాంచిన కొమేనియస్ ఆ ప్రాచీన సంఘానికి చివరి బిషప్పులలో ఒకడై, ప్రవాసంలోనే 1670లో మరణించినాడు. మిగిలినవారి సంతతి మొరేవియాలో గుప్తంగా జీవించి, 1722లో శాక్సనీ దేశంలోని జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు భూములలో శరణు పొందినది. అక్కడ వెలసిన గ్రామమే హెర్న్‌హుట్.

శరణాగతులు తమలో తాము కలహించుకొన్నారు. 1727 ఆగస్టు 13న ఒకే పాత్ర చుట్టూ కూడి, కలహాలను విడిచి ఏకమైనారు. పాత్ర వల్ల చీలిన చరిత్ర పాత్ర వద్దనే అతుకుకొన్నది. ఆ నెలలోనే గంటకొకరు వంతున అహోరాత్రాలు ప్రార్థించే నియమం మొదలై సుమారు నూరేండ్లు సాగినది. సప్తాహాలు, ఏకాహాలు నడిపే డెల్టా గ్రామాల భక్తులకు ఆ దీక్ష ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. 1732లో లియొనార్డ్ డోబర్ అనే కుమ్మరి, డేవిడ్ నిచ్‌మన్ అనే వడ్రంగి, డేన్లు పాలించే సెయింట్ థామస్ ద్వీపంలోని ఆఫ్రికా బానిసలకు బోధించడానికి బయలుదేరినారు. పండితులు కారు, రాజోద్యోగులు కారు, చేతిపనివారు.

జిన్‌జెన్‌డార్ఫ్ సిద్ధాంతాన్ని మూడు వాక్యాల్లో సంగ్రహించవచ్చు. దైవం తర్కానికి గాక హృదయానికి గోచరం; రక్షకుని క్షతాలను ధ్యానించిన హృదయమే దానిని ఎరుగుతుంది. బోధకుడు జాతులను మూకుమ్మడిగా మార్చరాదు. పరిశుద్ధాత్మ ముందే సిద్ధపరచిన ఒకరిద్దరు జీవులను, "ప్రథమఫలాలను", వెదకవలెను. ప్రభువూ కుమ్మరీ ఒకే పంక్తిలో సహోదరులు.

గోదావరీతీరం

మొరేవియన్లు గోదావరికి రాలేదు. 1760లో తరంగంబాడి చేరి అక్కడొక తోటను నెలకొల్పి, 1803 వరకు ఉండినారు. 1768లో నికోబార్ దీవులకు వెళ్లినవారు జ్వరాల పాలై, 1787 నాటికి ఆ ప్రయత్నాన్ని విరమించినారు. అయితే వారిని తీర్చిన మూసలలో ఒకటి జర్మనీలోని హాలే నగరం. దాని ప్రభావం తెలుగునేలకు వేరు దారులలో చేరినది.

జిన్‌జెన్‌డార్ఫ్ బాల్యంలో చదివినది హాలేలో, ఫ్రాంకే స్థాపించిన పాఠశాలలో. మద్రాసులో బైబిల్‌ను తెలుగులోకి అనువదించిన బెంజమిన్ షుల్ట్‌జ్ హాలే బోధకుడే. ఆయన స్వదేశానికి మరలిన తరువాత 1746-47లో హాలేలోనే తెలుగు లిపిలో క్రైస్తవ గ్రంథాలు అచ్చైనాయి. హాలే విశ్వవిద్యాలయంలో చదివిన జార్జ్ ముల్లర్ ఇంగ్లండు చేరి, ఫ్రాంకే అనాథాశ్రమాన్ని ఆదర్శంగా గ్రహించి బ్రిస్టల్‌లో అనాథగృహాలు నెలకొల్పినాడు. ఆయన భార్యకు సోదరుడు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. దంతవైద్యవృత్తిని విడిచి, ఏ సంఘం వద్దా జీతం పుచ్చుకొనక బోధకుడైనవాడు. ఆ గ్రోవ్స్ వెంట 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుండి వచ్చిన చేతిపనివారే విలియం బౌడెన్, జార్జ్ బీర్. వారు మచిలీపట్నంలో తెలుగు నేర్చి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడినారు.

వీరినీ "సహోదరులు" అంటారు గాని, మొరేవియన్లు వేరు, వీరు వేరు. పోలిక ఆచారంలో ఉన్నది: నిర్ణీతవేతనం లేదు, ప్రత్యేక అర్చకవర్గం లేదు, ప్రతి ఆదివారం రొట్టెను విరిచి పాత్రను పంక్తిలో అందరికీ అందించడం వీరి ఆరాధనకు ప్రాణం. 1845లో రాజమండ్రి చేరిన జర్మన్ లూథరన్లూ, వారి పనిని అందుకొన్న అమెరికా లూథరన్లూ పాత్రను సామాన్యునికి నిరాకరించినవారు కారు. 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణానికి చేరిన కూలీల నడుమ ఈ బోధ వినిపించినది.

పంచారామాలలో ఒకటైన క్షీరారామం పాలకొల్లులోనే ఉన్నది. ఆ గోపురపు నీడను దాటి లోనికి వెళ్లే హక్కు లేని మాలపల్లివానికి, అదే ఊరి ప్రాంతంలో ఒక పరదేశి పీట వేసి, తాను తాగిన పాత్రనే అందించినాడు. డెల్టాలోని ఆలయద్వారాలు ఆ మాలపల్లివాని మనుమలకు శాసనబద్ధంగా తెరచుకొన్నది 1947 నాటి మద్రాసు ఆలయప్రవేశ శాసనంతో. 1836కూ 1947కూ నడుమ నూటపదకొండు సంవత్సరాలు. "బియ్యం" అన్న వాదం ఈ అంకె ముందు నిలువదు. పాఠశాలలు, వైద్యశాలలు, కరవునాటి సాయాలు ఆకర్షించలేదని ఎవరూ అనరు. కాని బియ్యం తిన్న ఆకలి పూటకు తీరుతుంది; తరాలు నిలిచినది బియ్యపు ఋణం కాదు, పంక్తిగౌరవం. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాలమాదిగలకు షెడ్యూల్డు కులపు హోదా లేదు. ప్రలోభమే కారణమైతే, ఆ నష్టాన్ని ఎరిగీ సంఘాన్ని విడువని కుటుంబాలను ఏ ప్రలోభం పట్టి ఉంచినట్లు?

ఖండనం

పూర్వపక్షాన్ని ఇంతవరకు గౌరవించిన తరువాత దాని దోషాలను చెప్పే అధికారం సిద్ధిస్తుంది.

ప్రథమదోషం ప్రథమఫల సిద్ధాంతంలోనే ఉన్నది. బోధకుడు చేరకముందే ఆత్మ ఒక జీవుని సిద్ధపరచి ఉంచుతుందని జిన్‌జెన్‌డార్ఫ్ మతం. అట్లైతే, రక్షకుని నామం వినని ఆ జీవునిలో దైవం ఏ నామంతో పనిచేసినది? నామశ్రవణం లేకయే దైవవ్యాపారం సంభవిస్తే, ఆ వ్యాపారం ఒకే నామానికి, ఒకే చారిత్రకఘటనకు బద్ధం కాదని వారి వాక్యమే ఒప్పుకొన్నట్లు. బృహదారణ్యకంలోని అంతర్యామి బ్రాహ్మణం చెప్పేది దీనినే: సర్వభూతాలలో ఉండి, ఆ భూతాలకు తెలియకయే వాటిని నియమించేవాడు ఒకడు కలడు. వంటకు ముందే పాత్రలో నీరు ఉన్నదని ఒప్పుకొని, ఆ నీరు తన బావిదే అని వాదించడం హేతువు కాదు, అభిమానం.

ద్వితీయదోషం ఆచారభంగం. సహోదరత్వాన్ని బోధించిన సంఘమే సెయింట్ థామస్‌లో తోట కొని, బానిసలను సొత్తుగా ఉంచుకొన్నది. 1739లో జిన్‌జెన్‌డార్ఫ్ స్వయంగా ఆ ద్వీపానికి వెళ్లి, యజమానులకు లోబడి తృప్తిగా ఉండుమని బానిసలకు బోధించినాడు. పాత్రను పంచినవారు సంకెలను విప్పలేకపోయినారు. పరమార్థంలో సామ్యం, వ్యవహారంలో దాస్యం అన్న ఈ చీలిక వైదికులు చక్కగా గుర్తుపట్టగల వ్యాధి. దాని నిదానం వారి ఇంటిలోనూ ఉన్నది.

తృతీయదోషం నేటి బోధకులది. మూకుమ్మడి మార్పును వలదన్న సంప్రదాయపు ఘనతను చెప్పుకొంటూనే, మైదానాల్లో సభలు పెట్టి ఎత్తిన చేతులను లెక్కించి లోకానికి చాటడం ఆ సంప్రదాయానికే అపచారం. మొరేవియన్లు 1885లో లడఖ్‌లోని లేహ్ చేరినారు. నేటికీ అక్కడి సంఘం కొన్ని వందలను మించదు. దానిని వైఫల్యమని ఎంచనివారే జిన్‌జెన్‌డార్ఫ్‌కు నిజమైన వారసులు. ఇదే దోషం ఎదుటిపక్షంలోనూ కలదు. "ఈ నెల ఇందరిని మరల తెచ్చినాము" అని చిత్రాలతో ప్రకటించే హిందూసంఘాలు తాము నిందించినవారి లెక్కలపుస్తకాన్నే ఎరువు తెచ్చుకొన్నవి. తిరిగి తెచ్చినవానికి మరునాడు ఆలయంలో ఏ స్థానమిచ్చినారో ఆ పుస్తకంలో వ్రాయబడదు.

స్వపక్షదోషం

ఇక్కడ ఒక ఆక్షేపం వినిపిస్తుంది: ఆగమం అధికారభేదాన్ని విధించినది కదా, దానిని అతిక్రమించడమెట్లు? సమాధానం సులభం. గర్భాలయంలో బింబస్పర్శ దీక్షితుడైన అర్చకునికే అన్నది విధి. ఆ విధి వేదం చదివిన గృహస్థునికీ వర్తిస్తుంది. అందులో అవమానం ఎవరికీ లేదు. దానిని అడ్డుపెట్టుకొని మంటపంలో నిలిచిన మనిషి దోసిలిలో ఉద్ధరిణెడు తీర్థాన్ని జానెడెత్తు నుండి జారవిడవడం, శఠారిని తలకు ఆనించక గాలిలో తిప్పి మరలించడం ఏ ఆగమవిధి? ఇవి నేటికీ డెల్టాలో అక్కడక్కడ కనిపించే దృశ్యాలే. శాసనం ద్వారాన్ని తెరచినది, చేతిని తెరవలేదు. తెరవలసినది అర్చకుడు.

సంప్రదాయంలో అందుకు ఆధారం లేకపోలేదు. గోత్రం తెలియనివానికి కాశ్యపగోత్రం చెప్పి సంకల్పం చేయించే ఆచారం కలదు. పేరు అడుగు, గోత్రం తెలియకపోతే కాశ్యపుని సంతతిగా స్వీకరించు, పూజ చేయి అని పెద్దలు ఏనాడో దారి ఏర్పరచినారు. గోష్ఠీపుర గోపురమెక్కి రహస్యమంత్రాన్ని అందరికీ వినిపించిన రామానుజులను ఆచార్యునిగా కొలిచే ఆలయంలో తీర్థానికి ఎత్తు కొలవడం గురుద్రోహం. కాశీవీథిలో చండాలుని ప్రశ్నకు తలవంచి మనీషాపంచకం చెప్పిన శంకరుల పేర పీఠాలు నిలిపి, ఆ ప్రశ్న వేసినవాని సంతతిని "అమ్ముడుపోయినవారు" అనడం అంతకు మించిన ద్రోహం.

సిద్ధాంతం

కావున నిర్ణయమిది. ఒకే నామంలోనే ముక్తి అన్న మతం ఖండనీయం. దానిని ఖండించడం వైదికుని హక్కు, విధి కూడా. కాని ఖండనాధికారం జన్మతో వచ్చేది కాదు, ఆచరణతో ఆర్జించేది. ఆత్మ సర్వత్ర ఒక్కటే అని పాఠం చెప్పి, తీర్థం వద్ద చేతిని పైకెత్తేవాని నోట అంతర్యామివాదం శుకపాఠం. ప్రతివాది దానిని ఖండించనక్కరలేదు; చూపిస్తే చాలు.

బొహీమియాలో ఒక పాత్ర కొరకు జనం దేశాలు విడిచినారు. పాలకొల్లులో ఒక పాత్ర కొరకు జనం దేవుని పేరు మార్చుకొన్నారు. ఈ రెండింటినీ గ్రహించిన అర్చకుడు రేపటి ఉదయం తీర్థపాత్రను పట్టుకొన్నపుడు ఎదుటి చేయి ఎవరిదని చూడడు. ఉద్ధరిణెను ఆ దోసిలికి ఆనించి తీర్థమిస్తాడు. వాదం అక్కడ మొదలవుతుంది. అంతకుముందు పలికినదంతా వితండ.

ఇతి శమ్.