తహారత్‌కి 99.9 శాతం లేబుల్ కావాలా?



మన ఇళ్లలో బాత్రూమ్ అలమారా తెరిచి చూడండి. చేతులకొక సీసా, ఒంటికొకటి, గచ్చుకొకటి. అన్నిటి మీదా ఒకటే మాట: "99.9 శాతం క్రిములు ఖతం." పిల్లల గురించి అమ్మీకుండే ఫికర్‌తో నడిచే తిజారత్ ఇది. సబ్బు అమ్మడం గునాహ్ కాదు. డర్ అమ్మడం మీదే నా ఏతరాజ్.

ఆ 99.9 హఖీకత్ ఏమిటి? అది లేబొరేటరీలో ఎంచుకున్న కొన్ని రకాల క్రిముల మీద వేసిన లెక్క. మట్టిలో ఆడొచ్చిన మీ బిడ్డ చేతుల మీద వేసింది కాదు.

2016 సెప్టెంబర్‌లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బన్‌తో సహా 19 రసాయనాలున్న యాంటీబ్యాక్టీరియల్ సబ్బులు, బాడీ వాష్‌లు జనానికి అమ్మకూడదంది. కారణం వినండి. అవి మామూలు సబ్బూ నీళ్లకన్నా ఎక్కువ పనిచేస్తాయని గానీ, ఏళ్ల తరబడి రోజూ వాడితే నుఖ్సాన్ లేదని గానీ కంపెనీలు సుబూత్ చూపలేకపోయాయి. అన్నాళ్లూ జనం ఆ పేరుకే డబ్బు కట్టారు.

సాదా సబ్బు చేసే పని తక్కువేం కాదు. దాని అణువుకి ఒక కొస నీటిని పట్టుకుంటుంది, ఇంకో కొస జిడ్డుని పట్టుకుంటుంది. జిడ్డుతో పాటు క్రిములూ నీళ్లలో కొట్టుకుపోతాయి. కరోనా వైరస్‌కి పైన ఉండేది కొవ్వు పొరే కాబట్టి అది కూడా చిరిగిపోతుంది. షరతు ఒక్కటే, 20 సెకన్లు రుద్దాలి.

కెమిస్ట్రీతో నాకు అదావత్ లేదు. 1847లో వియన్నాలో శవాలను కోసి నేరుగా కాన్పుల వార్డుకొచ్చే డాక్టర్ల చేత సెమ్మెల్‌వైస్ క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. బాలింతల మౌత్‌లు బాగా తగ్గాయి. ఆస్పత్రికి అలాంటి మందులు జరూర్ కావాలి. మన దస్తర్‌ఖాన్ ఆపరేషన్ టేబుల్ కాదు.

ఇక రెండో వైపు. "ఐదు పూటలా వజూ చేసే ఖౌమ్, మాకు సబ్బెందుకు?" అనే భాయ్‌లకూ నా సవాల్ ఉంది. వజూ నమాజ్‌కి తహారత్. ఇస్తింజా తర్వాత చేతికంటిన దాన్ని వదిలించేది సబ్బు. ఒకటి ఇంకోదానికి బదులు కాదు.

అలెప్పో, నాబులస్ వాళ్లు వందల ఏళ్లుగా జైతూన్ నూనెతో సబ్బు కాస్తున్నారు. ఆ సబ్బుల హునర్‌ను యునెస్కో 2024లో తన జాబితాలో చేర్చింది. సబ్బుకి కావలసిన క్షారాన్ని ప్రపంచం పిలిచే పేరు 'ఆల్కలీ' కూడా అరబ్బీ 'అల్-ఖలీ' నుంచి వచ్చిందే. జల్సాల్లో దీని మీద ఫఖర్ చూపిస్తాం. మరి మన మొహల్లా మస్జిద్ ఇస్తింజాఖానాలో సబ్బు ముక్క ఉందా? మినార్ లైట్లకు చందా దొరుకుతుంది, ఏసీకి దొరుకుతుంది. సబ్బుకి మాత్రం ఏ ముతవల్లీ సాబ్ ఏలాన్ చేయడు. సున్నత్ చెప్పే మింబర్‌కి పది గజాల దూరంలో ఈ హాల్!

వచ్చే జుమ్మాకి కమిటీ వాళ్లను అడగండి: ప్రతి కొళాయి దగ్గరా ఒక సబ్బు. మదర్సాలో పిల్లలు అన్నానికి కూర్చునే ముందు ఒక సబ్బు. ఖరీదైన సీసా కొనకుండా మిగిలిన పైసలు అందులో వేయండి. పది కాలాలు నిలిచే సదఖా అది.

డర్ కొనకండి. సబ్బు కొనండి.