కానుక వేరు, వాటా వేరు

ఉద్యోగిని సంతోషపెట్టే విద్య ఒకటి ఈమధ్య బాగా ప్రచారంలోకి వచ్చింది. హైటెక్ సిటీలో ఏ పెద్ద కంపెనీ గడప తొక్కినా అదే ముచ్చట. పని బాగా చేస్తే పాయింట్లు, పాయింట్లకు బహుమతి కూపన్లు, మెట్లు ఎక్కితే మార్కులు, సోమవారం యోగా, శుక్రవారం పాటలు. ఇవన్నీ ఉంటే ఉద్యోగి మనసు పని మీద నిలుస్తుందట, కంపెనీ విడిచి పోడట. మంచిదే. బహుమతి ఇస్తే ఎవరు వద్దంటారు? కానీ జీతం పెంచమన్న రోజు, పని గంటలు తగ్గించమన్న రోజు ఈ సంతోషం ఎటు పోతుందన్నదే మా ప్రశ్న.

ఈ ఆరోగ్య కార్యక్రమాలు నిజంగా పని చేస్తాయా అని అమెరికాలోనే పరీక్షించి చూశారు. బీజేస్ హోల్‌సేల్ క్లబ్ అనే దుకాణాల సంస్థలో దాదాపు 33 వేల మంది ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. ఏడాదిన్నర తర్వాత చూస్తే వ్యాయామం చేస్తున్నామని, బరువు చూసుకుంటున్నామని చెప్పినవాళ్లు కొంత పెరిగారు. రక్తపోటులో, సెలవుల్లో, వైద్య ఖర్చులో, పనితీరులో చెప్పుకోదగ్గ తేడా మాత్రం కనబడలేదు. అంటే పై పూతతో లోపలి జబ్బు పోదన్నమాట.

మరి ఉద్యోగి మనసు దేనితో నిలుస్తుంది? దీనికి జవాబు కోసం అమెరికా దాకా పోనక్కర లేదు. మన గోదావరి లోయలోనే ఉంది, సింగరేణి బొగ్గు బాయిల్లో.

1990 దశకంలో సింగరేణి నష్టాల్లో మునిగి బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. మూతపడుతుందన్న మాట కూడా వినబడింది. అప్పుడు సంస్థను మళ్లీ నిలబెట్టింది కార్మికుల రెక్కల కష్టమే. ఆ దశకం మొదట్లో లక్ష దాటి ఉన్న కార్మికులు తర్వాత సగం కన్నా తక్కువకు పడిపోయినా బొగ్గు ఉత్పత్తి తగ్గలేదు, పెరిగింది. లాభాలు వచ్చినంక ఆ లాభంలో కార్మికుడికి వాటా ఇచ్చే పద్ధతి వచ్చింది. 10 శాతంతో మొదలైన వాటా 2018-19కి 28 శాతానికి, 2024-25కి 34 శాతానికి చేరింది. హాజరైన మస్టర్లను బట్టి, భూగర్భ గనిలో చేశాడా, ఓపెన్‌కాస్టులోనా, ఉపరితలంలోనా అన్నదాన్ని బట్టి లెక్క కడతారు. దిగినవాడికి ఎక్కువ, చెమటకు ధర. ఇంతకన్నా మంచి ప్రోత్సాహం ఏ కంపెనీ పుస్తకంలో ఉంది? కార్మికుడు దాన్ని బహుమతి అనడు, నా వాటా అంటాడు.

ఆ వాటానే ఇప్పుడు మెల్లగా కానుకగా మారుస్తున్నారు.  ఏటా దసరా ముందు పాలకులు శాతం ప్రకటిస్తారు. మరునాడు పత్రికల్లో ‘దసరా కానుక’ అని పెద్ద అక్షరాలు. ఏ పార్టీ గద్దె మీద ఉన్నా ఈ తంతు మారలేదు. శాతం పెరిగిందని చప్పట్లు కొట్టేముందు లెక్క చూద్దాం.

2023-24లో సంస్థ లాభం 4,701 కోట్లు. అందులో 2,289 కోట్లు విస్తరణకని ముందే పక్కన పెట్టారు. మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం లెక్కగట్టి 796 కోట్లు పంచారు. మొత్తం లాభం మీద చూస్తే అది 17 శాతం. మరుసటి ఏడు లాభం 6,394 కోట్లకు పెరిగింది. ఈసారి పక్కన పెట్టింది 4,034 కోట్లు. మిగిలిన 2,360 కోట్ల మీద 34 శాతం అన్నారు. కాంట్రాక్టు కార్మికులకు ఇచ్చినది కలుపుకున్నా పంచింది 819 కోట్లు. మొత్తం లాభంలో ఇది 13 శాతం లోపే. లాభం 1,693 కోట్లు పెరిగితే కార్మికులకు పెరిగింది నామమాత్రమే! శాతం పెరిగింది, వాటా తరిగింది. కుంచం పెద్దది చేసి వడ్ల రాశి చిన్నది చేసినట్టు.

కొత్త గనులకు, కొత్త యంత్రాలకు పెట్టుబడి వద్దని మేము అనడం లేదు. బొగ్గు ఎల్లకాలం ఉండదు, సంస్థ రేపటి సంగతి చూసుకోవాల్సిందే. కానీ ఎంత పక్కన పెట్టాలి, దేనికి పెట్టాలి అన్నది గుర్తింపు సంఘంతో కూర్చుని తేల్చాలి. 2023 డిసెంబరులో ఓట్లేసి సంఘాన్ని గెలిపించుకున్నది దండలు వేయడానికి కాదు కదా.

ఇక రెండో గోస ఇంకా పెద్దది. 2024లో పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా 90 వేలు వచ్చింది. కాంట్రాక్టు కార్మికుడికి వచ్చింది 5,000. వాళ్లకు ఇవ్వడం అదే మొదటిసారి. 2025లో దాన్ని 5,500 చేశారు. అదే దుమ్ము, అదే ఎండ, అదే షిఫ్టు సైరను. పండుగకు మాత్రం ఒక ఇంట్లో పట్టుచీర, పక్కింట్లో రవికె గుడ్డ. వేతనాల కోసం వాళ్లు 2022 సెప్టెంబరులో సమ్మెకు దిగింది ఊరికే కాదు. హైటెక్ సిటీలోనూ కథ ఇదే. జిమ్ము వాడే ఉద్యోగి కంపెనీ మనిషి, దాన్ని తుడిచే అక్క ఏజెన్సీ మనిషి.

ఆరోగ్యం సంగతీ అంతే. మే నెలలో కొత్తగూడెం, మణుగూరు ఎండలో ఓపెన్‌కాస్టు అంచున నిలబడే మనిషికి కావలసింది చల్లని నీళ్లు, నీడ, దుమ్ము ఆపే మాస్కు, సమయానికి వైద్య పరీక్ష. తాగునీరు, విశ్రాంతి షెడ్డు, క్యాంటీను గురించి 1952 నాటి గనుల చట్టమే రాసింది. చట్టం రాసిన హక్కును సంక్షేమ పథకమని పేరు మార్చి బ్యానరు కట్టడం చిన్నచూపు.

2011 సకల జనుల సమ్మెలో బొగ్గు బాయిలు ఆగినప్పుడు ఢిల్లీ దాకా సెగ తగిలింది. ఆనాడు బాయి కార్మికుడు కానుకలు అడగలేదు. నీళ్లలో, నిధుల్లో, నియామకాల్లో వాటా అడిగాడు. ఆ వాటా మాట మీదనే 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. వాటా అడిగి తెచ్చుకున్న రాష్ట్రంలో కానుక కోసం చేయి చాపి నిలబడటం మనకు తగునా?

అందుకే మేము అడిగేది మూడే ముక్కలు. లాభం లెక్క మొత్తం కార్మికుడి ముందు పెట్టాలి, శాతం ఆ మొత్తం మీదనే చెప్పాలి. కాంట్రాక్టు కార్మికుడికి కూడా మస్టర్ల లెక్కన వాటా కట్టాలి. నీళ్లు, నీడ, మాస్కు, వైద్యం ఇద్దరికీ ఒక్కటే కావాలి. ఇవి చేసిన రోజు ఉద్యోగి మనసు పని మీద నిలపడానికి ఏ కూపనూ అక్కర లేదు. చేయని రోజు, ఎన్ని కూపన్లు పంచినా ఆ మనసు సమ్మె నోటీసు మీదనే ఉంటుంది.