మన చేతిలో ఉన్న ఊపిరి

పని ఎక్కువైతే ఊపిరి సలపడం లేదంటాం. గండం గడిస్తే ఊపిరి పీల్చుకున్నామంటాం. పరీక్ష ఫలితాల కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తాం. బతుకులోని ఒత్తిడిని తెలుగు ఇలా ఊపిరితోనే కొలుస్తుంది. ఆ కొలత ఒట్టి మాటల అలంకారం కాదు. గుండె కొట్టుకోవడం, తిన్నది అరగడం, రక్తపోటు హెచ్చుతగ్గులు మన ఆజ్ఞ కోసం ఆగవు. శ్వాస కూడా నిద్రలో సైతం తనంతట తానే సాగుతుంది. కానీ తలచుకుంటే దాన్ని కాసేపు ఆపగలం, నెమ్మదిగా నడపగలం. మన అదుపులో లేని వ్యవస్థను చేరడానికి ఉన్న సులువైన దారి ఇదే. అందుకే శ్వాస మీద ధ్యాసను ఆశ్రమాలకూ యోగా దినోత్సవాలకూ వదిలేయకుండా, పళ్లు తోముకోవడంలా నిత్యపు అలవాటు చేసుకోవాలి. అంతే ముఖ్యంగా, దాన్ని సర్వరోగ నివారిణిగా కాక, అది చేయగలిగిందేమిటో చెప్పి నేర్పాలి.

గాలి పీల్చినప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. వదిలే సమయంలో మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి పగ్గం బిగిస్తుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఇటలీ వైద్యుడు లూసియానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన పరిశోధనలో, క్రైస్తవుల లాటిన్ జపమాల ప్రార్థన, ‘ఓం మణి పద్మే హుం’ మంత్రం రెండూ శ్వాసను నిమిషానికి దాదాపు ఆరుకు తెచ్చాయి. రక్తపోటును సరిదిద్దే సహజ స్పందన కూడా మెరుగైంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రోజుకు 5 నిమిషాల చొప్పున నెల రోజులు రకరకాల సాధనలు చేయించి పోల్చారు. అన్ని బృందాల్లోనూ ఆందోళన తగ్గింది. నిశ్వాసను సాగదీసి వదిలినవారి మనసు, ఊరికే శ్వాసను గమనించినవారి కంటే ఎక్కువ తేలికపడింది. గండం గట్టెక్కగానే మన నోట వచ్చే ‘హమ్మయ్య’ అలాంటి దీర్ఘ నిశ్వాసమే.

ఇది ఫలానా మతం సాధన కదా అని వెనుకాడేవారు ఉన్నారు. శ్వాసను గమనించే ఆనాపానసతిని బోధించింది బుద్ధుడే, నిజమే. అయితే 1994లో తిహార్ జైలులో సుమారు వెయ్యి మంది ఖైదీలు పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరంలో కూర్చున్నప్పుడు మతం అడ్డు రాలేదు. మొదటి మూడు రోజులూ వారు చేసింది సహజంగా వచ్చిపోయే శ్వాసను గమనించడమే. క్రైస్తవ ప్రార్థన, బౌద్ధ మంత్రం గుండెకు ఒకే మేలు చేశాయన్న బెర్నార్డి ఫలితం కూడా ఈ సందేహానికి జవాబే.

దీనికంటే బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. పన్నెండు గంటల చాకిరీ చేయించి, తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లలో పిల్లల్ని కట్టిపడేసి, ఆనక ‘ఊపిరి మీద ధ్యాస పెట్టండి’ అనడం తప్పును బాధితుల మీదకు నెట్టడం కాదా? అవును, అది అన్యాయమే. బ్రిటన్‌లో 8,000 మందికి పైగా విద్యార్థులతో జరిగి 2022లో వెలువడిన అధ్యయనం, బడిలో అందరికీ కలిపి చెప్పిన మైండ్‌ఫుల్‌నెస్ (ధ్యాస నిలిపే) పాఠాలు మామూలు బోధన కంటే మెరుగైన ఫలితమివ్వలేదని తేల్చింది. కాబట్టి భారం తగ్గించాల్సిన యాజమాన్యాలు శ్వాస తరగతి పెట్టి చేతులు దులుపుకోకూడదు. అలాగని సాధన లొంగుబాటు నేర్పుతుందనడం కూడా సరికాదు. ఊపిరి కుదుటపడిన మనిషి గొంతు వణకకుండా ‘ఇది నావల్ల కాదు’ అని చెప్పగలడు.

ఉబ్బసం ఉన్నవాళ్లు, శ్వాసను గమనిస్తుంటేనే కంగారు పెరిగేవాళ్లు బలవంతంగా చేయకూడదు. డాక్టరు సలహా తీసుకోవాలి. మిగిలినవారికి లెక్క చాలా చిన్నది. సెకనుకో అంకె లెక్కిస్తూ నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదిలితే పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర, కోపం తెప్పించిన మెసేజ్‌కు జవాబు కొట్టే ముందు ఆ పది సెకన్లు దొరుకుతాయి. అన్నిటికంటే ముందు అవి ఇంట్లో కావాలి, పిల్లల మార్కుల మెమో చేతికి అందిన క్షణాన. కంగారుపడొద్దని బిడ్డకు చెప్పే ముందు, ఆ ఒక్క ఊపిరి అమ్మానాన్నలు తీసుకోవాలి.