తుపాకీ మార్చొద్దు, పరిహారం అడుగుదాం

గంభీరావుపేట మండలంలో, నర్మాల ఎగువ మానేరు దగ్గర మక్క వేసే రైతును నేను. అడవిపందులు రాత్రికి రాత్రే కంకులు నమిలి, కర్రలు విరిచి పోతే కలిగే కడుపుమంట నాకు తెలుసు. అయినా తుపాకీకి విడిభాగాలు మార్చి ఎక్కువ తూటాలు పట్టేలా చేద్దామంటే ఒప్పుకోను. ఏఆర్ రైఫిల్ తరహా షాట్‌గన్లలో తూటా 12 బోరుదే అయినా, ఒక కంపెనీ మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) మరో కంపెనీ తుపాకీలో కుదరకపోవచ్చు. కుదిరినట్టే కనిపించి తూటా ఇరుక్కుంటే, పట్టుకున్నవాడికే ముప్పు.

1959 ఆయుధాల చట్టం విడిభాగాన్నీ ఆయుధంగానే చూస్తుంది. 2019 సవరణ తర్వాత, లైసెన్సు లేకుండా ఒక రకం తుపాకీని మరో రకంగా మారిస్తే కనీసం 7 ఏళ్ల జైలు, యావజ్జీవం కూడా పడొచ్చు. పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు. రైతు జైలుకు పోతే ఇల్లే కూలుతుంది. సర్కారు సోలార్ కంచెకు సాయం చేయాలి, నష్టపరిహారం ఆ సీజన్‌లోనే ఇవ్వాలి. మనం అడగాల్సింది అదే.