ఒకే చాప మీద సూదీ దారం

పల్నాటి పల్లెల్లో గొడవ జరిగితే పేపర్లో వచ్చేవి మగవాళ్ల పేర్లే. ఎవరు కొట్టారు, ఎవరు ఆస్పత్రి పాలయ్యారు, ఎవరు ఊరొదిలి వెళ్లారు... 2024 మే 13న పోలింగ్ నాడూ, ఆ తర్వాతా మాచర్ల, నరసరావుపేట వైపు జరిగిన దాడులతో జిల్లాలో 144 సెక్షన్ పెట్టారు. ఆ ఉత్తర్వుల గడువు ఎప్పుడో తీరింది. కానీ ఇళ్లల్లో ఆడవాళ్ల గుండెదడకు గడువేముంటుంది? వీధిలో మోటారు సైకిల్ చప్పుడైతే ఉలికిపాటు. రాత్రిళ్లు కునుకుండదు. ఎవరైనా అడిగితే 'ఏం లేదులే అక్కా' అని కొంగు సర్దుకోవడం. పత్తి దెబ్బతిని పురుగుమందు తాగిన రైతు భార్యదీ ఇదే తంతు. డాక్టర్లు దీన్ని ట్రామా అంటారు.

ఇలాంటివాళ్ల చేత నోరు విప్పించడం ఎలా? 'చెప్పుకుంటే బరువు తగ్గుతుంది' అనడం తేలికే. అసలు మాటే పెగలనివాళ్లు ఏం చెప్పుకుంటారు?

దక్షిణ అమెరికాలోని చిలీలో ఆడవాళ్లకు దీనికో దారి దొరికింది. 1973 సెప్టెంబరు 11న అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. వేలమందిని పట్టుకుపోయింది. చాలామంది తిరిగి రాలేదు, శవాలూ దొరకలేదు. భర్తల కోసం, కొడుకుల కోసం జైళ్ల చుట్టూ తిరిగిన ఆడవాళ్లు మరుసటి ఏడాది నుంచి చర్చి నీడలో ఒకచోట కూర్చుని గుడ్డ బొమ్మలు కుట్టడం మొదలెట్టారు. అడుగున గోనెపట్టా, పైన పాత బట్టల పేలికలు. మిర్చి టిక్కీలు కుట్టే ఊళ్లవాళ్లకు గోనె, దబ్బనం కొత్త కాదు కదా! ఖాళీ కుర్చీ ఉన్న ఇల్లు, తలుపు తడుతున్న సైనికుడు, ఫొటో పట్టుకుని నిలబడ్డ తల్లి... ఇవీ ఆ బొమ్మలు. కొందరు తమవాళ్ల చొక్కా ముక్కల్నే కత్తిరించి వాడారు. కొన్నిటి వెనక చిన్న జేబు, అందులో ఓ చీటీ. విదేశాల్లో అమ్ముడై ఇంటి ఖర్చుకు నాలుగు డబ్బులూ వచ్చాయి. వాటిని 'అర్పియేరా'లు అంటారు. ఆ మాటకర్థం గోనెగుడ్డే.

ఆ బొమ్మల స్ఫూర్తితోనే మానసిక నిపుణురాలు రేచల్ కోహెన్ 'కామన్ థ్రెడ్స్' అనే సంస్థ పెట్టారు. యుద్ధాల్లో, అత్యాచారాల్లో నలిగిపోయిన ఆడవాళ్లను ఈక్వడార్‌లో, నేపాల్‌లో, బోస్నియాలో ఇలాగే కూర్చోబెట్టి కుట్టించారు. కుడుతున్నప్పుడు చూపు గుడ్డ మీద ఉంటుంది. ఎదుటివారి మొహంలోకి చూడక్కర్లేదు. చెయ్యి ఒకే లయలో ఆడుతుంటే ఊపిరీ నెమ్మదిస్తుంది. ముందు బొమ్మ వస్తుంది, మాట ఆ వెనకెప్పుడో వస్తుంది. రాకపోయినా ఫరవాలేదు, పక్కావిడకు అర్థమవుతుంది.

అన్నట్టు, ఇక్కడ భర్త పోయినావిడకు సాయమంటే అందరికీ ముందుగా గుర్తొచ్చేది కుట్టుమిషనే. అది బతుకుతెరువు, కాదనలేం. కానీ మిషన్ ఆవిణ్ని ఇంట్లో ఓ మూల గోడకేసి కూర్చోబెడుతుంది. తెరువు దొరుకుతుంది, తోడు దొరకదు. కుట్టు కంటే కలిసి కూర్చోవడంలోనే ఎక్కువ మందు ఉందన్న సంగతి పథకాలు రాసేవాళ్లకు తట్టినట్టు లేదు.

కాలేజీ పిల్లల్ని కూడా ఈ పనిలోకి లాగే కొత్త రకం కుట్టు ఒకటుంది. మామూలు దారం బదులు కరెంటు పారే స్టీలు దారం వాడతారు. గుండీబిళ్లలాంటి 3 వోల్టుల బ్యాటరీ, మిణుగురంత ఎల్‌ఈడీ దీపం. షాక్ కొట్టదు. ఉతికేముందు బ్యాటరీ తీసేస్తే సరి. అమెరికాలో లియా బెక్లీ అనే ఆవిడ బట్టల మీద కుట్టుకునే చిన్న సర్క్యూట్ బిళ్లను రూపొందించారు. 'లిలీప్యాడ్' పేరుతో 2007లో అది మార్కెట్లోకి వచ్చింది. అంతకు ముందే ఎంఐటీలో కరెంటు బట్టల ప్రయోగాలు జరిగాయి. వాటికి పనికొచ్చింది ఏమిటనుకున్నారు? పట్టుదారానికి లోహపు రేకు చుట్టి నేసిన బట్ట, మన దేశంలో తరతరాలుగా నేస్తున్న రకం. అమ్మమ్మ చీర జరీకి చుట్టమే!

ఈ కుట్టులో ఒక కిటుకుంది. బొంత పొడవునా రెండు స్టీలు దారాలు, ఒకటి ప్లస్, ఒకటి మైనస్. ఎవరి ముక్క వాళ్లు ఎంత బాగా కుట్టినా దీపం వెలగదు. పక్కావిడ ముక్కలోంచి వచ్చే దారాలకు కలపాలి. రెండు దారాలూ ఒకదానికొకటి తగిలితే అందరి దీపాలూ ఆరిపోతాయి. టిచ్ బటనే స్విచ్. నొక్కితే వెలుగు, విప్పితే చీకటి. తన కథ ఎప్పుడు బయటపెట్టాలో, ఎప్పుడు దాచుకోవాలో ఆవిడ చేతిలోనే ఉంటుంది. ఏదీ తన చేతిలో లేకుండా పోయిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

పల్నాడులో దీనికి కొత్తగా నేర్పాల్సింది తక్కువే. పాత చీరలతో బొంతలు కుట్టే ముసలమ్మలున్నారు. అద్దాలు, గవ్వలు కుట్టే లంబాడీ తండాలున్నాయి. సర్క్యూట్ చెప్పడానికి నరసరావుపేటలో ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ఇక కలిసి కూర్చోవడమా? కులం చూడకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని బ్రహ్మనాయుడి గురించి చెప్పుకునే నేల ఇది.

అయితే తొందర పనికిరాదు. రెండు వర్గాల ఆడవాళ్లను మొదటిరోజే ఎదురెదురుగా కూర్చోబెడితే ఉన్న భయం రెట్టింపవుతుంది. ట్రామా మీద అమెరికా మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో రాసిన పుస్తకంలో ముందు భద్రత, తర్వాతే జ్ఞాపకం, ఆ తర్వాతే నలుగురిలో కలవడం అన్నారు. ఎవరి వర్గంలో వాళ్లు కుట్టుకున్న బొంతలను కలపాలా వద్దా అన్నది వాళ్లే తేల్చుకోవాలి. పెద్దమనుషులు కాదు. కుట్టు డాక్టరుకు బదులూ కాదు. చావాలన్న ఆలోచనలు వస్తున్నా, నెలల తరబడి నిద్ర లేకపోయినా 14416కి ఫోన్ చేయాలి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరది. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఎప్పుడు కూర్చోవాలంటే, మిర్చి కోతలయ్యాక. మే ఎండలకు పొలం పనులుండవు. మధ్యాహ్నం అన్నాలయ్యాక బడి వరండా ఖాళీగానే ఉంటుంది. నాలుగు పాత చీరలు, రెండు సూదులు, ఒక చాప చాలు. స్టీలు దారం సంగతి రెండో వారం చూసుకోవచ్చు.