ముందరి పలక

అమెరికాలోని ఒహాయో రాష్ట్రము 2020 జూలై 1 నుండి కార్లకు ముందరి నంబరు పలక అక్కరలేదని శాసించినది. ఖర్చు తగ్గును, సొగసు పెరుగునని కొందఱు సంతసింతురు. మన దేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలు ముందును వెనుకను పలకలు విధించుచున్నవి. ఈ విధి సడలరాదు.

వెనుకనుండి తీసిన చిత్రము బండి యెవరిదో తెలుపును, నడిపినదెవరో తెలుపదు. ముందునుండి తీసినచో నంబరును, నడుపువాని ముఖమును ఒక్కచోట నగపడును. న్యాయస్థానమునకు గావలసిన సాక్ష్యమిదియే కదా! తనమీదికి వచ్చు బండి యెవరిదో యెఱుగుట పాదచారి హక్కు.

అయినను పలకలను వంచువారును, ముసుగు తొడుగువారును మనలో గలరు. రాష్ట్రపతి కారునకును నంబరుండవలెనని 2018లో ఢిల్లీ హైకోర్టు ఆదేశించినది. రాష్ట్రపతికి లేని మినహాయింపు వీరికేల? ముఖము దాచుకొని రాజవీథిని సంచరించుట సాధుజనుల లక్షణము గాదు.