పాత నీటి పనిముట్లను పాత ఇనుము చేయకుడు



గత వేసవిలో చిన్నకోడూరు వీధిలో పాత ఇనుము కొను వర్తకుని బండి యొకటి నిలిచియుండగా నేనా దారిన పోవుట తటస్థించెను. విరిగిన నాగటి కర్రులు, చిల్లుపడిన బిందెలు, తుప్పుపట్టిన సైకిలు చక్రములు, వీని నడుమ రెండు వస్తువులు నా కంటబడినవి. ఒకటి ఇనుప రేకుతో చేసిన మోట బొక్కెన. రెండవది ఇత్తడి స్ప్రింక్లరు తల. విచారింపగా రెండును ఒకే యింటినుండి వచ్చినవని తెలిసెను. తాత తోడిన మోటయు, తండ్రి తిప్పిన స్ప్రింక్లరును మనుమని చేతిమీదుగా ఒకే త్రాసులో తూగినవి. వర్తకుడు ఒకదానికి ఇనుము ధరయు, రెండవదానికి ఇత్తడి ధరయు కట్టి పైకమిచ్చెను. అందతని తప్పేమియు లేదు. బరువును కొనుట యతని వృత్తి. మనమమ్మినది బరువు మాత్రమేనా యనునది నా ప్రశ్న. ఆ రెండు వస్తువులను నేనదే ధరకు కొని యింటికి తెచ్చుకొంటిని.

నాకీ అలవాటు క్రొత్తది కాదు. నేను చదివిన మిషను పాఠశాల ఆవరణలో చిన్న పచ్చిక బయలు ఉండెను. దానిమీద సాయంకాలములందు ఒక ఇత్తడి తుంపర యంత్రము టకటకమని చప్పుడు చేయుచు తిరుగుచుండెను. మా ఊర మక్కచేను ఎండుచుండగా ఇక్కడ గడ్డికి వాన కురియుచున్నదేమి యని బాలుడనైన నాకు ఆశ్చర్యముతోపాటు కొంత కోపమును కలిగెడిది. ఒకనాడు తోటమాలి దానిని విప్పి నాకు చూపెను. నాజిలు నుండి వెడలు నీటిధార ఎదుటనున్న చేతిని కొట్టును; చేయి ప్రక్కకు తొలగును; స్ప్రింగు దానిని మరల వెనుకకు లాగును; తిరిగివచ్చిన చేయి తలను తట్టగా తల కొంచెము జరుగును. ఇంతియే దాని మర్మము. మోటారు లేదు, గాలిమర లేదు. నీరే తన్ను తాను చల్లుకొనుచున్నది. కొన్నేండ్లకు అది చెడిపోగా ఆ తోటమాలియే దానిని నా చేతబెట్టెను. అది మొదలు, ఉద్యోగమున గ్రామములు తిరుగుచు, రైతులు పారవేసిన తలలను నలుబదికి పైగా ప్రోగుచేసితిని.

ఈ టకటక యంత్రమునకు జన్మస్థానము అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము. గ్లెండోరా యను ఊర నారింజతోటల నడుమ నివసించిన ఆర్టన్ ఎంగెల్‌హార్ట్ 1933లో దీనిని కల్పించి 1935లో పేటెంటు పొందెను. ఆ దేశమున పాత స్ప్రింక్లర్లను సేకరించుట నేడొక వేడుక. పోత ఇనుముతో కప్పవలె, బాతువలె చేసినవియు, నీటి బలముచేత పచ్చికపై తామే నడచు ట్రాక్టరు ఆకారపువియు వారి యిండ్లలో వరుసగా నిలిచియుండును. బాల్యమున తమ ముంగిట తిరిగిన దానిని వారు మరల చూచుకొని సంతోషింతురు. సంతోషింపవచ్చును. కాని మనకు ఆ వేడుక చాలదు. వారి యంత్రము ముంగిలి గడ్డిని తడిపినది. మన పనిముట్లు ఇంటిల్లిపాదికి అన్నము పెట్టినవి.

మన పెద్దల పనిముట్లను ఒక వరుసను నిలిపి చూడుడు. మొదటిది గూడ. ఇద్దరు మనుష్యులు ఇరువైపుల నిలిచి తాళ్ళుపట్టి ఊపుదురు. నీరు 3, 4 అడుగులలో నున్నప్పుడు అది చాలెను. రెండవది ఏతము, 15, 20 అడుగులవరకు పనికివచ్చెను. మూడవది మోట, 30, 40 అడుగుల బావికిని సరిపోయెను. తరువాత ఆయిలు ఇంజనును, కరెంటు మోటారును వచ్చినవి. కొన్ని పాత బావులలో నీటికి సమీపముగా లోపలనే మోటారునకు గద్దె కట్టియుండుట మీరు చూచియుందురు. గట్టుమీద నుంచక అంత లోపల ఏల యుంచిరి? పీల్చు పంపునకు నీటిని పైకి నెట్టునది గాలి యొత్తిడియే. అది 34 అడుగులకు మించి నీటిని ఎత్తజాలదు. ఆచరణలో 20, 25 అడుగులే దక్కును. కావున నీరు దిగిన కొలది మోటారును దింపవలసివచ్చెను. చివరకు బావి విడిచి బోరు వేసి, మోటారునే నీట ముంచితిమి. చూచితిరా? ఈ పనిముట్ల వరుసయే మన నేలలో నీరు దిగిపోయిన చరిత్ర. మోకు పొడవు కొలిచిన నాటి బావి లోతు తెలియును. మోకు చివికిపోయినను, ఎడ్లు దిగిన ఏటవాలు దారి మిగిలియున్న దాని పొడవే సాక్ష్యము చెప్పును. ఏ కచ్చేరి దస్తావేజులోను లేని ఈ లెక్కను మనము కిలోల లెక్కకు అమ్ముకొనుచున్నాము.

మోటకు మరియొక గుణము కలదు. అది మనుష్యునిచేత నీటిని లెక్కపెట్టించెను. ఒక ఎకరము నేలపై ఒక అంగుళము నీరు నిలుపుటకు సుమారు 1,03,000 లీటర్లు కావలెను. బొక్కెన 150 లీటర్లు పట్టుననుకొందము. దారిలో కారిపోవునది విడిచినను దానిని సుమారు 687 సార్లు తోడవలెను. బావి 30 అడుగులైనచో ఎడ్లు ఆ బరువుతో 6 కిలోమీటర్లకు పైగా ఏటవాలు దిగవలెను; అంతదూరము వెనుకకు ఎక్కవలెను. అట్టివాడు కాలువ గట్టు తెగిన క్షణమైనను ఊరకుండునా? నేడు సెకనుకు 5 లీటర్లు పోయు బోరు ఆ నీటిని ఆరు గంటలలోపలనే పోయుచున్నది. 2004 మొదలు వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తును, 2018 జనవరి 1 మొదలు 24 గంటల విద్యుత్తును మనకు లభించినవి. ఇది మేలే, కాదనువాడను కాను. కాని మీట నొక్కి ఇంట నిద్రించువానికి, మడి పొరలి నీరు బాటపాలగుచున్న సంగతి తెల్లవారిన గాని తెలియదు. ఎడ్ల శ్రమ పోయినది, సంతోషము. దానితో లెక్కయు పోయినది, అది నష్టము.

మరల మోట కొట్టుడని నేను చెప్పుచున్నానని యెవ్వరును భ్రమపడకుందురు గాక. చలిలో తెల్లవారుజామున లేచి మోట తోలినవారి నడుములను, కాడి రాచుకొని పుండ్లుపడిన ఎడ్ల మెడలను మరచి ఆ కాలమును పొగడుట అన్యాయము. తోలు పదునుచేసి మోటను, తొండమును కుట్టిన మాదిగ సోదరుల పనితనము లేక ఒక్క మడియైనను తడియకపోయెడిది. కాని కళ్ళమువద్ద వారికి దక్కినది కొలువబడిన గింజలే. అనేక గ్రామములలో వారు కుట్టిన తోలు దిగిన బావిలో వారు స్వయముగా నీరు తోడుకొనుటకు స్వేచ్ఛ లేకుండెను. పాత వస్తువును భద్రపరచువారు ఈ మాటను గూడ దాని ప్రక్కన వ్రాసియుంచవలెను. లేనిచో అది జ్ఞాపకము కాదు, మరపు.

పెద్ద రిజర్వాయరు వచ్చినది గదా, ఇక ఈ పాత లెక్కలతో పని యేమని కొందరడుగవచ్చును. మన మండలమున చంద్లాపూరువద్ద 3 టి.ఎం.సి.ల రంగనాయకసాగరము 2020 ఏప్రిలులో ప్రారంభమయ్యెను. చెరువులు నిండి, ఎండిన బావులలో నీరు పైకి వచ్చుట మనము కన్నులార చూచితిమి. కాని ఆ నీరు వాగువలె దానంతటది దిగివచ్చినది కాదు. మెట్టుమీద మెట్టుగా యంత్రములచేత ఎత్తిపోయబడి వచ్చినది. అదియు ఒక మహా మోటయే. ఎడ్లకు బదులు విద్యుత్తు లాగుచున్నది. ఎత్తిన నీటికి ఎల్లప్పుడును వెల కలదు. ఆ వెల మన చేతినుండి పోకపోయినను ఎవరి చేతినుండియో పోవుచునే యున్నది.

ఇక పాత స్ప్రింక్లరు తలలు నేర్పు పాఠమొకటి నేడే పనికివచ్చునది. నాయొద్దనున్న ఇత్తడి తలలలో అధికభాగము పనిమాలినవి స్ప్రింగు విరిగి కాదు. ఇసుక నీటిచేత నాజిలు రంధ్రము అరిగి పెద్దదగుటచేత. 4 మిల్లీమీటర్ల రంధ్రము 5 మిల్లీమీటర్లయినచో, అదే యొత్తిడికి ఒకటిన్నర రెట్లకు మించి నీరు పోవును. ఒక వరుసలో పది తలలు ఇట్లరిగిన, పైపులోని యొత్తిడి పడిపోయి నీరు దూరము చిమ్మక తల చుట్టు గుంటకట్టును. చివరి మొక్కలు ఎండును. రైతు మోటారు చెడినదనుకొనును. క్రొత్త తలను, అరిగిన తలను ప్రక్కప్రక్కన పెట్టి, 4 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టు వెనుకభాగమును రెండు రంధ్రములలోను దూర్చి చూపగా, గంట యుపన్యాసము చేయలేని పని క్షణములో జరుగుట నేనెరుగుదును. పాత వస్తువు ఉపాధ్యాయుడగుట యనగా ఇదియే.

జానపదుల, గిరిజనుల వాద్యములు మూలబడి నశించుచుండగా ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు ఊరూర తిరిగి వానిని సేకరించి "ఆద్యకళ" యను పేర లోకమునకు చూపిరి. డప్పునకు, కిన్నెరకు దొరికిన ఆదరము బొక్కెనకు, గిరకకు ఏల దొరకరాదు? పట్టణపు హోటళ్ళవారు మన గిరకలను కొనిపోయి గోడలకు అలంకారముగా వ్రేలాడదీయుచున్నారు. అక్కడ అది బొమ్మ. దాని ఊరు, బావి, లోతు ఎవరికిని తెలియవు. ఇక్కడ నున్న అది సాక్షి.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చించుటకై కొన్ని సూచనలు చేయుచున్నాను. మొదటిది: సంఘపు గోదాములో ఒక గోడను ఈ పనిముట్లకు కేటాయింపవలెను, వేరు భవనమక్కరలేదు. రెండవది: సభ్యులెవరైనను మోట, గిరక, ఏతపు బొక్కెన, ఇంజను భాగము, పాత స్ప్రింక్లరు అమ్మదలచినచో ముందుగా సంఘమునకు తెలుపవలెను, వర్తకుడిచ్చు ధరనే సంఘమిచ్చును, ఎవరికిని నష్టము లేదు. మూడవది: ప్రతి వస్తువునకు ఒక చీటి కట్టి, ఏ బావిది, ఎంత లోతు, ఎన్ని ఎకరములు తడిపెను, ఎవరు చేసిరి, ఎవరు తోలిరి యను వివరములు వ్రాయవలెను. చీటి లేని వస్తువు మరల పాత ఇనుమే. నాలుగవది: ఆ చీటి ప్రక్కనే నేటి బోరు లోతును గూడ ఏటేట వ్రాయవలెను.

వీనిలో మూడవది ఆలసింపరానిది. మోట తోలిన చేతులు ఇంకను మన గ్రామములలో కొన్ని మిగిలియున్నవి. ఆ పెద్దలకు ఎనుబది యేండ్లు దాటినవి. ఇనుము ఇంకొక పదియేండ్లు మూలబడియుండగలదు, వారు వేచియుండలేరు. బడికి పోవు మీ పిల్లలచేత కాగితము, కలము పట్టించి నేటి సాయంకాలమే తాత మంచమువద్ద కూర్చుండబెట్టుడు. "తాతా, మన బావికి ఎన్ని బారల మోకు పట్టెడిది?" అని యడుగుమనుడు. ఆ యొక్క ప్రశ్నతో మన పని ఆరంభమగును.

— వ్యవసాయ ప్రదర్శకుడు, చిన్నకోడూరు